కురచ చెయ్యి

సత్తెయ్య దినం భోజనానికి వెళ్ళొచ్చాను. వెళ్ళకుండా ఉండవలసింది. విస్తరి ముందు కూర్చున్నప్పటి నుంచి చెయ్యి కడుక్కునేదాకా ఆయన మంచితనం గురించే విన్నాను. "ఎంత మంచి నోరండీ!" అన్నాడు నా పక్కాయన, పప్పులో నెయ్యి పోయించుకుంటూ. "కొట్టుకొచ్చిన మనిషిని పేరు పెట్టి పిలిచేవాడు. ఒక్కణ్ణీ ఉత్త చేతులతో పంపలేదు" అన్నాడు అవతలాయన. అది నిజమే. ఉత్త చేతులతో ఎవరినీ పంపలేదు, తక్కువ కొలిచి పంపాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది గాని పులుసన్నంతో కలిపి మింగేశాను. చచ్చినవాడి ఇంట్లో తింటూ అనవలసిన మాట కాదు గదా. ఇంటికొచ్చి రాసుకోవడానికి అడ్డేమీ లేదు.

విస్తళ్ళు ఎత్తాక సత్తెయ్య కొడుకు నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు. నర్సీపట్నంలో వాడికి పెద్ద బట్టల షాపుంది. అద్దాల బీరువాలు, పైన తిరిగే ఫ్యాను, గుమ్మంలో నమస్కారం పెట్టడానికే ఒక మనిషి. మా చెల్లెలి కొడుకుని ఆ షాపులో పెట్టుకోమని అంతకు ముందు వారం కబురు చేశాను. పిల్లవాడు తక్కువ మాట్లాడతాడు. కానీ వాడు మడత పెట్టిన గుడ్డ అంచుకి అంచు తప్పదు, వాడు చెప్పిన కొలత మళ్ళీ కొలవక్కర్లేదు. సత్తెయ్య కొడుకు తమలపాకుకి సున్నం రాస్తూ జవాబు చెప్పాడు.

"గుంటడు లెక్కలో గట్టోడే బాబాయ్. కాదన్ను. గాని ఆడి మొకం సూత్తే కొనీవోడు ఎలిపోతాడు. అలాటోణ్ణి లోపల కూకోబెట్టాల. ఎదర నవ్వీవోడుండాల."

తండ్రి నవ్వే నవ్వాడు. అదే నవ్వు, అరిగిపోకుండా కొడుకుదాకా వచ్చింది.

ఈ మాట నాకు కొత్త కాదు. నా నూనూగు మీసాల రోజుల్లో, లంబసింగిలో, మా పెదనాన్న నోట విన్నాను. అప్పుడది నా గురించి.

మన్యంలో పితూరీ అణిగిపోయి, కొండదారుల్లో పోలీసుల బూట్ల చప్పుడు తగ్గుతున్న రోజులవి. మా పెదనాన్న నర్సీపట్నం నుంచి ఎడ్లమీద బట్టల మూటలు ఎక్కించి లంబసింగిలో దింపుకునేవాడు. అక్కడ గడ్డి కప్పిన ఇల్లొకటి, దాని పక్కన మూటల కొట్టమొకటి. ఆ కొట్టంనుంచి వారానికో దిక్కుకి, ముఖ్యంగా చింతపల్లి సంతకి, సరుకు తోలేవాడు. ఆ ఇంటిని తలుచుకుంటే ముందుగా వాసనే తగులుతుంది. గంజి పెట్టిన కొత్త గుడ్డ వాసన, చలికి ఆరని ఎడ్ల గోనెపట్టాల వాసన, వాటిమీద మా పెద్దమ్మ చుట్ట పొగ. ఆవిడ అడ్డపొగ కాల్చేది. అంటే నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదవులు మూసుకోవడం. కింది ఊళ్ళలో అప్పటి ఆడవాళ్ళకది మామూలే గాని, లంబసింగి చలిలో ఆవిడకది చిన్న కుంపటి. పొద్దున్నే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉండగా చోడి అంబలి, అంటే రాగి జావ, కలుపుతూ, నోట్లో నిప్పుతోనే మాట్లాడేది. తిట్టాలనిపించినప్పుడు మాత్రం చుట్ట తీసి చేత్తో పట్టుకునేది. అందుచేత ఆవిడ చెయ్యి చుట్టకేసి కదిలితే పెదనాన్న గుమ్మం దాటేవాడు.

నేను బడికి పోయినవాణ్ణి కాను. మా ఊళ్ళో బడి అరుగు వెనక గోడకి మా గేదెల్ని కట్టేవాళ్ళం. అరుగుమీద పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే గోడకి ఇవతల పేడ తీస్తూ నేనూ వల్లించాను. కూడికలు, వీసాలు, పరకలు అన్నీ అలాగే వచ్చాయి. రాయడం చాలాకాలం తర్వాత నేర్చుకున్నాను. అందువల్ల నాకు లెక్కంటే కాగితం కాదు, కంటికి కనిపించే వస్తువు. ఒక తాను విప్పితే ఎంతుందో చూపుతోనే తెలిసేది. ఈ గుణం వ్యాపారానికి పనికొస్తుందని మా అమ్మ నన్ను కొండమీదికి పంపింది. పాపం, ఆవిడకి వ్యాపారం తెలియదు.

పెదనాన్న నన్ను లెక్కలేమీ అడగలేదు. "సెయ్యి సాపు" అన్నాడు. కొట్టంలో గుంజకి రెండు చీలలు కొట్టి ఉన్నాయి. మోచెయ్యి కింది చీలకి ఆనించి చెయ్యి చాపాలి. నడిమివేలు పై చీలకి ఎంత కిందుగా ఆగితే అంత పనిమంతుడు. ఆ రోజుల్లో గుడ్డని మూరల్లో అమ్మేవాళ్ళు. మూరంటే మోచేతినుంచి నడిమివేలి కొసదాకా. ఎవరి మోచెయ్యి అని అడిగితే, అమ్మేవాడిది. అందుకని మా పెదనాన్న మనుషుల్ని చేతులు చూసి కుదుర్చుకునేవాడు, ఎడ్లని పళ్ళు చూసి కొన్నట్టు. నా వేలు పై చీలని దాటి పోయింది.

"ఓరి, కొంగ కాలులాగున్నాదిరా! నువ్వు కొలిత్తే నాను గోచీతో కొండ దిగాల."

పెద్దమ్మ చుట్ట తీసింది. "ఆడి బాబు సెయ్యీ అంతే గదేటి. బంతిలో పక్కోడి అప్పడం మిగల్నిచ్చీవోడు కాడు."

అలా నేను మూటలకీ, మడతలకీ, లోపలి లెక్కకీ వెళ్ళాను. "లెక్కలోడివి నువ్వు ఎదరికి రాకు. నీ మొకం సూత్తే బేరం పోద్ది" అన్నాడు పెదనాన్న. ఎదర కూర్చునేది సత్తెయ్య.

సత్తెయ్య చెయ్యి మూరకి రెండు వేళ్ళు తక్కువ. మూరకి ఇరవైనాలుగు వేళ్ళనుకుంటే పది మూరల గుడ్డలో ఇరవై వేళ్ళ గుడ్డ పెదనాన్న దగ్గరే ఉండిపోతుంది, దాదాపు ఒక మూర. పుట్టుకతో వచ్చిన ఆ సొత్తు సత్తెయ్యకి చాలలేదు. దానికి నోటిని జతచేశాడు. సంతలో గుడారం గుడ్డ పరిచి కూర్చుని, మనిషి ఇంకా దారిలో ఉండగానే పిలుపు మొదలుపెట్టేవాడు.

"ఓలప్పా! రా రా! మొన్న సంతకి రానేదేటి? ఒల్లు బాగోనేదా? నువ్వు రాకపోతే సంతకి కలెక్కడిదే! ఇలా కూకో... ఒకటీ... గుంట పురిటికొచ్చినాదా? రెండూ... మొగగుంటడే? మరి సెప్పవేటి! మూడూ..."

నేను వెనక మూటలమీద కూర్చుని చూసేవాణ్ణి. ప్రతి ప్రశ్నకీ ఆ నడిమివేలు కొంచెం లోపలికి మడుచుకునేది. ప్రశ్న ఎంత ఆప్యాయంగా ఉంటే మడత అంత పెద్దది. పురిటి కబురుకి ఒక కణుపు పోయేది. చావు కబురైతే, కళ్ళు తుడుచుకునే నెపంమీద, చెయ్యి సగంలోనే లేచిపోయేది. గుడ్డని బిగలాగి పట్టేవాడు కాబట్టి ఇంటికెళ్ళాక అది ఇంకా కుంచించుకునేది. వాళ్ళు మాత్రం దండం పెట్టి వెళ్ళేవాళ్ళు. పెదనాన్న నా వైపు తిరిగి, "సూసినావా, అదీ మనుసుల్తో మసిలీ పద్దతి" అనేవాడు. నిజంగానే నమ్మి అనేవాడు. అది నాకు మరీ రోతగా ఉండేది. దొంగతనమని తెలిసి చేసేవాడిమీద ఉండే పాటి గౌరవమైనా ఆయనమీద లేకుండా పోయింది.

ఆ ఏడు ఇటుకల పండగ, అంటే చైత్రంలో కొండవాళ్ళ వేట పండగ, ఇంకా రాకముందు సింగన్న అనే రైతు కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. లోపలి కొండల మనిషి, పసుపూ పిప్పళ్ళూ పండిస్తాడు. కొడుకు బాలన్నకి చిలక అనే పిల్లతో పెళ్ళి కుదిరింది. వాళ్ళ వైపు పిల్లవాడి తరఫువాళ్ళే పిల్ల ఇంటికి ఓలి ఇచ్చుకోవాలి. అందులో అన్నిటికన్నా పెద్దది పిల్ల తల్లికి పెట్టే కోక. పది మూరల గుడ్డ, అతుకు లేకుండా ఒక్క తానులోంచి కోసినది. ఇన్నాళ్ళు పిల్లని మోసి పెంచిన తల్లికి అది మర్యాద. దాన్ని రెండూళ్ళ పెద్దల ముందు పిల్ల మేనమామ తన చేత్తో కొలుస్తాడు. ఈ సంగతంతా సింగన్న మురిసిపోతూ తనే చెప్పాడు.

"అయితే బావా, నా సేతి మీదుగానే జరగాల!" అని సత్తెయ్య ఆ కురచ చెయ్యి చాపాడు. పెళ్ళి కబురు గదా, వేలు రెండు కణుపుల మేర మడిచాడు. నేను పెదనాన్న దగ్గరకి జరిగి, "అది మళ్ళీ కొలిచే గుడ్డ. తగ్గితే అతుకు వెయ్యడానికి లేదు" అన్నాను. "నువ్వు మూటలు సూసుకో" అన్నాడాయన. సత్తెయ్య అంచున కత్తెరతో గాటు పెట్టి గుడ్డని బర్రున చింపాడు. సింగన్న ఆ గుడ్డ చేతిలోకి తీసుకుని బారుగా పట్టి చూశాడు. తర్వాత సత్తెయ్య చేతికేసి చూశాడు. వెంటనే చూపు తిప్పుకుని, చూడకూడనిదేదో చూసినట్టు, కొండలకేసి తిరిగి నిలబడ్డాడు. ఏమీ అనలేదు. గుడ్డ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాతి సంతకి వాళ్ళు పొద్దెక్కకుండానే వచ్చారు. ముందు నా దగ్గరకే, ఎడ్లని కట్టేసిన చోటికి. సింగన్న, బాలన్న, వాళ్ళతో ఒక పొడుగాటి మనిషి. అతను పిల్ల మేనమామ, గంగన్న. బాలన్న చేతిలో పెద్ద అడ్డాకు ఉంది, దానిమీద మడతపెట్టిన ఆ గుడ్డ. వాళ్ళ ఆచారంలో ఓలి కోక తగ్గితే గొడవ చెయ్యరు, తిట్టరు. మడిచి, అడ్డాకు మీద పెట్టి తిరిగి ఇచ్చేస్తారు. పెళ్ళి లేదని అర్థం.

బాలన్న కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "కొలిత్తే మూర పైనే తగ్గినాది బాబూ. సిలక వాలమ్మ ఒక్క మాటనేదు. లోపలికెల్లి తలుపేసుకున్నాది. అవతలూరోలు సిలకని అడగతన్నారంట. ఇటుకల పండగ దాటిపోతే ఇంక నాకివ్వరు."

"ఆ రోజే తెలిసింది గదా, ఎందుకనలేదు?" అని సింగన్నని అడిగాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "ఏటనాల బాబూ? ఇంత తగ్గుద్దని ఎరగను. సెయ్యి దేవుడిచ్చింది. నీ సెయ్యి కురస అని మనిసి మొకం మీద ఎలాగంతాం? మావూల్లో కుంటోడున్నాడు. ఆడితో నడిసినప్పుడు మేవూ మెల్లిగే నడుత్తాం. ఆడికి సెప్పం."

గంగన్న తలూపాడు. "పాపం, ఆ మనిసికి సెయ్యి అలాగైపోనాది. నవ్వుకుంటా పని సేసుకుంటన్నాడు. పదిమందిలో అంతే ఏడవడేటి?"

అప్పుడు నాకు ఆ కొట్టు మొత్తం అర్థమైంది. కొండమనుషులకి కొలత తెలియదని మా పెదనాన్న అనుకునేవాడు, ఆ అమాయకత్వాన్ని తిని బతుకుతున్నానని గొప్పపడేవాడు. వాళ్ళకి మొదటి మూరకే తెలుసు. ఇన్నేళ్ళూ, సంత సంతకీ, సత్తెయ్య అంగవైకల్యం బయటపడకుండా వాళ్ళే గుడ్డ నష్టపోతూ కాపాడుకొస్తున్నారు. పెదనాన్న కొట్టంలో చీలలు కొట్టి మరీ ఏరుకున్న చెయ్యి వాళ్ళకి జాలిపడవలసిన చెయ్యి. ఏళ్ళ తరబడి వచ్చిపడిన ఆ జాలిమీద మా పెదనాన్న కింద ఊళ్ళో పెంకుటిల్లు కట్టాడు.

ముగ్గురూ వెళ్ళి కొట్టు ముందు కూర్చున్నారు. అడ్డాకు మధ్యలో పెట్టారు. సత్తెయ్య చూడనే చూశాడు, నోరు అందుకుంది. "ఏటి బావా, అప్పుడే పెల్లైపోనాదేటి? నాకు కల్లైనా పొయ్యనేదు! ఈ కొత్త బావెవులు, తాడిసెట్టులాగున్నాడు?" వాళ్ళు నవ్వలేదు. సింగన్న తలొంచుకుని, సత్తెయ్యని కాకుండా పెదనాన్నని అడిగాడు.

"కొలవడానికి ఇంకో మనిసి ఉన్నాడా బాబూ?"

పక్క ఉప్పు కొట్టువాడు చెయ్యి ఆపి చూశాడు. సత్తెయ్య మొహాన నవ్వు అలాగే నిలిచిపోయింది, దింపడం తెలియక. నేను మూటలమీంచి లేచి ఎదరికి వచ్చాను. కొత్త తాను విప్పి గుడారం గుడ్డ మీద పరిచాను. నా చెయ్యి చాపలేదు. నాది పొడుగు, నా చేత్తో కొలిస్తే అది ఇంకో రకం తప్పు. "రేపు ఎవరి చెయ్యి కొలుస్తుందో ఆ చెయ్యే ఇప్పుడూ కొలవాలి. గంగన్నా, చెయ్యి పెట్టండి" అన్నాను.

గంగన్న మోకాళ్ళమీద కూర్చుని చెయ్యి ఆనించాడు. నేను గుడ్డని బిగలాగకుండా, వదులు చెయ్యకుండా, దాని పొడుగు దానికి ఉంచి జరుపుతూ పోయాను. ఒక్క ప్రశ్న అడగలేదు. పెళ్ళి ఎప్పుడనిగాని పిల్ల ఎలా ఉంటుందనిగాని అడగలేదు. ప్రతి మూరకీ ఆయన వేలి కొసన గోటితో గీత పెట్టి, ఆ గీతమీదికే మళ్ళీ మోచెయ్యి తెప్పించాను. పెదనాన్న పళ్ళు కొరుకుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆపాలంటే ఆయన పైకి ఒక్కటే మాట అనాలి, ఈ మనిషి చెయ్యి పొడుగని. అది అన్నాడంటే చేతుల్లో పొడుగూ పొట్టీ ఉన్నాయని ఒప్పుకున్నట్టు. ఇన్నేళ్ళూ వాళ్ళు మర్యాదకి అనని మాట ఈయన ఇప్పుడు భయానికి అనలేకపోయాడు. పదో గీత దగ్గర కత్తెర గాటు పెట్టి చింపేశాను. చిరిగిన గుడ్డ తానుకి తిరిగి అతకదు, అది ఆయనకీ తెలుసు. అడ్డాకు మీది కురచ గుడ్డ తీసి మా దొంతిలో పెట్టి, కొత్తది మడిచి ఆ ఆకుమీదే ఉంచాను. "మా గుడ్డ మాకొచ్చేసింది. మీ గుడ్డ ఇది" అన్నాను.

సంత ఎత్తి లంబసింగి చేరాక పెదనాన్న ఎడ్ల పట్టాలు కూడా విప్పకుండా మొదలుపెట్టాడు. "నీకు లెక్కలొచ్చుగాని యాపారం రాదురా. రేపు కొండోలందరూ ఆలాల మేనమావల్ని అట్టుకొచ్చి సేతులు సాపుతారు. నీ మూట కట్టుకో, బేగెల్లు."

సత్తెయ్య గుంజకి ఆనుకుని, జాలిగా, "పోనీలే బావా, కుర్రోడు, మనుసుల్తో మసలడం తెల్దు" అన్నాడు. నాకోసం సిఫారసు! ఆ రోజు అంతకన్నా నాకు కంపరం పుట్టించింది లేదు.

పెద్దమ్మ చుట్ట తీసింది. పెదనాన్న అలవాటు ప్రకారం గుమ్మంకేసి చూశాడు గాని ఆవిడ ఆయన్ని ఏమీ అనలేదు. నాకు అడ్డాకులో చోడి రొట్టె కట్టి ఇచ్చి, "కింద ఊల్లోకెల్లి ఓ కర్ర కోసుకోరా. కర్రకి నోరుండదు" అంది.

కొండ దిగేముందు ఆ పెళ్ళికి వెళ్ళాను. ఎవరూ పిలవలేదు. కానీ నేను చింపిన గుడ్డ, చూడకుండా దిగబుద్ధి కాలేదు. రెండూళ్ళవాళ్ళూ చాపలమీద కూర్చున్నారు. డప్పులు ఆపారు. చిలక తల్లి గుమ్మంలో నిలబడి ఉంది, సన్నటి మనిషి, చేతులు కట్టుకుని. బాలన్న నేలకేసి చూస్తున్నాడు. గంగన్న గుడ్డ పరిచి మళ్ళీ మొదటినుంచీ కొలిచాడు, సంతలో తనే కొలిచానన్న గుర్తే లేనట్టు, నిదానంగా. పదోసారి చెయ్యి ఆనించినప్పుడు గుడ్డ అంచు అతని నడిమివేలి కొసకి వచ్చి ఆగింది. పైకి పోలేదు, కిందికి దిగలేదు.

"సరిపోనాది" అన్నాడు గంగన్న.

అంతే. నన్నెవరూ చూడలేదు, మెచ్చుకోలేదు. చిలక తల్లి వచ్చి గుడ్డ అందుకుని గుండెకి ఆనించుకుంది. డప్పులు మళ్ళీ అందుకున్నాయి.

పెద్దమ్మ చెప్పినట్టే కర్ర కోసుకున్నాను. ఆ కర్రతోనే కొట్టు పెట్టి ఇన్నేళ్ళు కొనేవాళ్ళ ఎదరే కూర్చున్నాను. ఇప్పుడు ప్రతి షాపులోనూ సర్కారు ముద్ర వేసిన ఇనపబద్ద ఉంది. చేతుల కాలం పోయిందని అందరూ సంతోషిస్తారు. నేను సత్తెయ్య కొడుకు షాపుకి వెళ్ళి చూశాను. బద్దకి ముద్ర ఉంది. దాన్ని పట్టుకున్న కుర్రాడు "అమ్మగారూ, ఈ రంగు మీకోసమే నేసినట్టుందండీ" అంటూ గుడ్డని వీణ తీగలా బిగలాగి కొలిచాడు. ఫ్యాను గాలికి చల్లగా ఉంది, ఆవిడ నవ్వుతూ పుచ్చుకుంది. వెనకటి కొండమనుషులు కనీసం ఒక మనిషి సిగ్గు కాపాడుతున్నామనుకుని నష్టపోయారు. వీళ్ళు పొగడ్తకి నష్టపోతున్నారు. కొనేవాడికి నవ్వు కావాలని ఈ నవ్వు మొహాలవాళ్ళు పెట్టిన ప్రచారం. కొనేవాడు ఇంటికెళ్ళి గుడ్డ విప్పినప్పుడు అక్కడ నవ్వేవాడు ఉండడు. ఆ క్షణంలో వాడితో ఉండేది కొలత ఒక్కటే. అందుకే లెక్క తప్పనివాణ్ణి లోపల దాచడం కాదు, ఎదర కూర్చోబెట్టాలి.

దినం నాడు సత్తెయ్యని గురించి అంతమంది అన్ని మాటలు అన్నారు. వాటిలో గంగన్న ఆ పెళ్ళిలో అన్న "సరిపోనాది" అనే మాట ఒక్కటీ లేదు. తాంబూలం విప్పకుండానే అరుగుమీద పెట్టి వచ్చేశాను. రేపటినుంచి మా మేనల్లుడు నా కొట్లోనే, గుమ్మానికి ఎదురుగా కూర్చుంటాడు. గుడ్డని ఎలా పట్టుకోవాలో చూపిస్తాను. నవ్వమని మాత్రం చెప్పను.